కుక్కకి తాయిలం

త్రిపురారం నుంచి ఒక సోదరి రాశారు: "మా అబ్బాయి కుక్కపిల్లను పెంచుతున్నాడు. 'కూర్చో', 'రా' అని నేర్పుతూ, మాట విన్నప్పుడల్లా క్రీము బిస్కత్తో, చాక్లెట్టు ముక్కో పెడుతున్నాడు. ఇది మంచిదేనా? ఇంట్లోనే ఏదైనా చేసి పెట్టవచ్చా?"

మనుషుల డాక్టరుకి కుక్క తిండి గొడవ ఎందుకని అనుకోకండి. ఈ తాయిలం ఒక్కోసారి మా ఆస్పత్రి దాకా వస్తుంది. కొన్నేళ్ళ క్రితం తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. బిస్కత్తును రెండు వేళ్ళతో పట్టుకుని, పెంపుడు కుక్కను ఊరించాడట. అది బిస్కత్తుతోపాటు వేలూ అందుకుంది. "మన కుక్కే కదండీ" అని నాలుగు రోజులు ఊరుకున్నారు. ఆ కుక్కకు టీకా లేదు! పిల్లవాడు క్షేమంగా బయటపడ్డాడు గాని, అన్ని రోజులూ నాకు నిద్ర లేదు. రేబిస్ లక్షణాలు కనిపించాక నమ్మకంగా బతికించే మందు ఈనాటికీ లేదు మరి.

ముందు పెట్టకూడనివి చెబుతాను. చాక్లెట్టు కుక్క గుండెకు, నరాలకు విషం. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను విరిచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. అందుకు కారణం టార్టారిక్ ఆమ్లమని 2021లో పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండులోనూ ఆ ఆమ్లం దండిగా ఉంది. కనుక పులిహోర, పులుసన్నం కూడా వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో వాడే జైలిటాల్ ప్రాణాంతకం. మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి వేయకండి. వాటిలోని నీటితిత్తుల వల్ల కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మన నోట్లోకి చేరితే మన కాలేయంలోనూ తిత్తులు పుడతాయి.

ఇక చేసే విధానం. ఒక కప్పు రాగిపిండి లేదా జొన్నపిండి, ఒక కోడిగుడ్డు, ఉడికించి మెదిపిన తియ్యగుమ్మడి పావుకప్పు తీసుకోండి. ఉప్పు, చక్కెర, నూనె వద్దు. గట్టిగా కలిపి, చపాతీలా ఒత్తి, శనగగింజంత ముక్కలు కోయండి. మందపాటి పెనం మీద సన్నని సెగన రెండువైపులా, లోపలి తడి ఆరేదాకా కాల్చండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులుంటాయి. లేకపోతే ఏ రోజువి ఆ రోజే చేసుకోండి. ఇంత ఓపిక లేనివారు ఉప్పు, మసాలా వేయకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్కలు పెట్టవచ్చు, ఎముకలు తీసేసి.

కుక్క కూర్చున్న మరుక్షణమే ముక్క అందాలి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. వేళ్ళతో కాదు, అరచేయి చాచి పెట్టండి. చిన్నపిల్లల పక్కన పెద్దవారుండాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రోజు మొత్తం తిండిలో తాయిలాలు పదోవంతు మించకూడదు. ఆ మేరకు అన్నం తగ్గించండి.

పిల్లకు మూడు నెలలు నిండగానే పశువుల ఆస్పత్రిలో రేబిస్ టీకా వేయించి, వారు చెప్పిన గడువుకు మళ్ళీ వేయించండి. పొరపాటున పన్ను దిగితే పసుపు, సున్నం పూయకండి. ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాస్పత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ సూదులు పొడిచే కాలం పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు.

సోదరీ, మీ అబ్బాయిని కోప్పడకండి. చాక్లెట్టు మాన్పించి, ఆ రాగి ముక్కలు వాడిచేతే చేయించండి. టీకా వేయించడానికి కూడా వాణ్ణే వెంట తీసుకువెళ్ళండి.