దుప్పటితో పాటు ఫారం-6

చలి ముదరగానే మన నగరాలలో యువతకు సేవాభావం మేల్కొంటుంది. జంషెడ్‌పూర్ ఇందుకు మినహాయింపు కాదు. డిసెంబరు, జనవరి రాత్రులలో రైల్వే స్టేషన్ల బయట, దుకాణాల అరుగుల మీద నిద్రించేవారికి దుప్పట్లు కప్పి, ఒక ఫొటో తీసుకుని వెళ్లే విద్యార్థి బృందాలు ఏ ఊరిలోనైనా కనిపిస్తాయి. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ దుప్పటి ఒక ప్రాణాన్ని ఆ రాత్రికి గట్టెక్కించవచ్చు. కానీ తెల్లవారిన తరువాత ఆ మనిషి ఎవరి లెక్కలోకి వస్తాడు? అసలు ప్రశ్న అది.

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు అదనపు బరువు ఉంది. కాబోయే ఉక్కునగరంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాలకూ ప్రార్థనాలయాలు ఉండాలని జంషెట్జీ టాటా 1902లోనే కుమారుడు దొరాబ్జీకి లేఖ రాశారు. అంతటి ముందుచూపుతో వెలసిన నగరానికి నడిబొడ్డున, నోటిఫైడ్ ఏరియాలో, ఎన్నికైన పురపాలక సంఘం మాత్రం లేదు. పౌరసేవలలో అధికభాగం టాటా స్టీల్ అనుబంధ సంస్థ చేతిలో ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 243-క్యూ అధికరణంలో పారిశ్రామిక పట్టణాలకు ఇచ్చిన మినహాయింపు ఇక్కడ వర్తించాలా వద్దా అన్న వివాదం న్యాయస్థానాల మెట్లెక్కుతూనే వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి తరాలుగా అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకూ ఈ లోటు తెలిసినదే. అయినా క్వార్టరులో ఉన్నవాడికి కంపెనీ ఉంది. బస్తీవాసికి తన ఓటు కోసం వచ్చే ఎమ్మెల్యే అభ్యర్థి ఉన్నాడు. కాలిబాట మీద పడుకున్నవాడికి తట్టడానికి ఏ గుమ్మమూ లేదు.

చట్టం, పథకం లేక కాదు. పట్టణ జనాభా లక్షకు కనీసం వంద మందికి చాలే శాశ్వత ఆశ్రయం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రమాణం నిర్దేశించింది. 2011 జనగణన ప్రకారం జంషెడ్‌పూర్ మహానగర ప్రాంత జనాభా 13 లక్షలు దాటింది. ఆ లెక్కన కనీసం 1,300 మందికి చోటు ఉండాలి. అదే జనగణన దేశంలో 17.7 లక్షల మందిని నిరాశ్రయులుగా నమోదు చేసింది. 2021లో జరగవలసిన జనగణన జరగనేలేదు. లెక్క లేనివారి కోసం కేటాయింపులు అడిగేది ఎవరు?

నిరాశ్రయుడికి మిగిలిన రాజకీయ బంధం ఒక్కటే: శాసనసభ, లోక్‌సభ ఓటరు జాబితా. ఇల్లు లేనివారికి ఓటు రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారం, ఫారం-6లో తాను నిద్రించే చోటును చెబితే, బూత్ స్థాయి అధికారి ఒకటి కంటే ఎక్కువ రాత్రులు అక్కడికి వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. నిర్ధారణ అయితే నివాసానికి కాగితపు రుజువు అక్కరలేదు. ఇంత ఉదారమైన నిబంధన అమలు కావాలంటే, ఆ ఫారం నింపే చేయి ఒకటి, అధికారి వచ్చిన రాత్రి ఆ మనిషిని చూపించే తోడు ఒకటి కావాలి.

ఆ తోడు యువతే కాగలదు. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి తన ఓటు కోసం నింపేదీ అదే ఫారం-6. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం ప్రతి వాలంటీరు నుంచి రెండేళ్లలో 240 గంటల సేవ కోరుతుంది. మొక్కలు నాటే, చీపురు పట్టే గంటలలో కొన్నింటిని సాక్చీ, బిష్టుపూర్, జుగ్‌సలాయీ వీధుల రాత్రులకు ఎందుకు కేటాయించకూడదు? ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ఎన్‌ఐటీ వంటి సంస్థలున్న ఊరిలో చదువుకున్న చేతులకు కొదవ లేదు.

అయితే ఈ పని దుప్పట్ల పంపిణీ అంత సులభం కాదు. మొదట అడగాలి. ఆ కూలీకి స్వగ్రామంలో ఓటు ఉండవచ్చు, దానిని వదులుకోవడం ఇష్టం లేకపోవచ్చు. రెండు చోట్ల ఓటు చట్టవిరుద్ధం. వయసు రుజువు వెతకాలి. ప్రముఖుల పర్యటన పేరిట అతన్ని పోలీసులు తరిమేస్తే మళ్లీ కనిపెట్టాలి. పార్టీల కార్యకర్తలు ఈ ముసుగులో చొరబడకుండా కళాశాలలే బాధ్యత వహించాలి. విద్యార్థినుల భద్రతకు ఏర్పాట్లు చేయాలి.

ఆకలితో ఉన్నవాడికి ఓటెందుకు, అన్నం పెట్టండి అనేవారున్నారు. అన్నమూ పెట్టవలసిందే. కానీ పెట్టే చేయి రేపు రాకపోతే అడిగే హక్కు అతనికి ఉండాలి. పార్టీలు దయగల యువకుల మాట వింటాయో లేదో గానీ, జాబితాలో చేరిన పేర్లను మాత్రం తప్పక లెక్కపెడతాయి. వచ్చే చలికాలం బయలుదేరే బృందాలు దుప్పట్ల మూటలో ఒక ఫారాల కట్ట కూడా పెట్టుకోవాలి. మరుసటి వారం మళ్లీ అదే చోటికి వెళ్లాలి. సేవ పౌరధర్మంగా మారేది ఆ రెండో రాకతోనే.