పాత చెక్క గిటారూ, ఆగిపోయిన పీహెచ్‌డీ

మా హాస్టల్లో ప్రతి సెమిస్టర్‌కీ ఒకడైనా "చదువు మానేసి మ్యూజిక్‌లోకి పోతా మామా" అంటాడు. వెంటనే ఎవడో ఒకడు క్వీన్ బ్యాండ్ లీడ్ గిటారిస్ట్ బ్రయాన్ మే పేరు ఎత్తుతాడు. పీహెచ్‌డీ వదిలేసి స్టార్ అయ్యాడుగా అని! వదిలేసిన మాట నిజమే. కానీ సగం కథ చెప్పి ఆపేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు ఆ గిటార్ సంగతి. 1963లో బ్రయాన్‌కి పదహారేళ్లు. మంచి గిటార్ కొనే స్తోమత లేదు. ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసిన నాన్న హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాడు. మెడకి పాత చలిమంట గూటి చెక్క. పురుగు తొలిచిన రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. ట్రెమొలోకి పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, దాని పిడి చివర అల్లికసూది ముక్క, మెడ మీద చుక్కలకి ముత్యపుచిప్ప గుండీలు. మూడు పికప్‌లకీ విడివిడిగా ఆన్-ఆఫ్ స్విచ్, ఫేజ్ స్విచ్. ఫేజ్ మార్చితే ఏ శబ్దం కలుస్తుందో, ఏది కొట్టుకుపోతుందో చెవితో విని తేల్చుకోవచ్చు. మనం వేవ్స్ చాప్టర్‌లో బట్టీపట్టిందే! దాదాపు రెండేళ్లు పట్టింది. ఈనాటికీ ఆయన ప్రధాన గిటార్ అదే.

మరి మనం? మా బ్యాచ్ మినీ ప్రాజెక్ట్ రెడీమేడ్‌గా కొనుక్కొచ్చింది. వైవాలో "ఈ కెపాసిటర్ ఎందుకు?" అంటే నలుగురం నోరెళ్లబెట్టాం. నేనూ ఆ నలుగురిలోనే.

ఇంపీరియల్ కాలేజీలో ఆయన పరిశోధన, సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాంతర ధూళి కదలికల మీద. 1974లో బ్యాండ్ కోసం దాన్ని ఆపేశాడు. తన చేతుల్తో కొడుక్కి గిటార్ చేసిపెట్టిన నాన్నే, దానికోసం చదువు వదిలేస్తుంటే బాధపడ్డాడు. ఆ తండ్రిని నేను విలన్ అనలేను. మా నాన్నా అలాగే బాధపడతారు.

మళ్లీ 2006లో అదే కాలేజీకి వెళ్లి, పాత పని ముందేసుకుని, 2007లో అరవై ఏళ్ల వయసులో థీసిస్ పూర్తిచేశాడు. డబ్బూ పేరూ వచ్చాక ఎవడైనా చేస్తాడంటారా? అనండి. ఆ టాపిక్ మీద మధ్యలో పెద్దగా పని జరగకపోవడం అదృష్టం కూడా. కానీ అంత పేరొచ్చాక డిగ్రీతో పనేముంది? తెలుసుకోవాలన్న దురద తప్ప.

మా రూమ్మేట్ గిటార్ ప్లేస్‌మెంట్స్ మొదలైనప్పట్నుంచీ బీరువా మీదే ఉంది, రెండు తీగలు తెగి. వాడికి ఎం-త్రీ బ్యాక్‌లాగ్ కూడా ఉంది. సప్లీ వచ్చే నెల. లెక్కలు నేను చెప్తానన్నా, తీగలు వాణ్ణే కొనుక్కోమన్నా.