పసిపిల్లలు, జర్దా పొట్లాలు

మాదన్నపేట మండీలో జర్దా నమిలే పెద్దలకు క్యాన్సర్ భయం తెలుసు. అది ఎప్పటిమాటో అనుకుంటారు. జర్దాలోని నికోటిన్ విషం మాత్రం అంతకాలం ఆగదు. ఆ పొట్లం పసివాడు మింగితే గంటలోపే వాంతులు, చొల్లు, చెమటలు. మోతాదు మించితే మూర్ఛ, చివరికి ఊపిరి ఆడించే కండరాలే చచ్చుబడతాయి. ప్రత్యేక విరుగుడు లేదు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే నాటువైద్యం మరీ ప్రమాదం, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పెద్దలకు 60 మిల్లీగ్రాముల నికోటినే ప్రాణాంతకమన్న పాత లెక్కకు ఆధారం బలహీనమని, అసలు అంకె అర గ్రాము పైనేనని 2014లో ఆస్ట్రియా శాస్త్రవేత్త బెర్న్‌డ్ మేయర్ వాదించారు. పసివాళ్లకు ఆ ఊరట ఎక్కడిది?

తెలంగాణ 2024 మే 24 నుంచి ఏడాదిపాటు గుట్కాను నిషేధించింది. మంచిదే. చిటికెలో చిరిగే జర్దా పొట్లాలకు బదులు పిల్లలు విప్పలేని మూతల డబ్బాలనూ తప్పనిసరి చేయాలి.