బొమ్మలేస్తే బువ్వ దొరుకుతదా?

శుక్రవారం వచ్చిందంటే బతాలో మనోళ్ల జాతరే. ఊరి ముచ్చట్లు, ఇంటికి పైసలు పంపుడు, పిల్లల చదువుల లెక్కలు. ఈమధ్య ఓ శుక్రవారం అక్కడే మాతో పనిచేసే మేస్త్రి ఒకాయన కొడుకు వేసిన బొమ్మలు ఫోన్‌లో చూపించాడు. బీడీలు చుట్టే నాయనమ్మ, ఎండిన వరి మడి, విమానాశ్రయం గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తున్న తండ్రి. ఇంటర్ అయిన ఆ పిల్లగాడు ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటున్నాడట. ‘బొమ్మలేస్తే బువ్వ దొరుకుతదా?’ అని మాలో కొందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు.

మేం నవ్వింది తప్పు. తోట వైకుంఠం పుట్టింది అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలోనే. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. చివరికి ఆయనకు పేరు తెచ్చింది మాత్రం మన పల్లె ఆడవాళ్ల ముఖాలే: పెద్ద బొట్టు, ముదురు రంగు చీర. ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన లక్ష్మాగౌడ్ దూరదర్శన్‌లో ఉద్యోగం చేస్తూనే బొమ్మలేశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. అంటే సరుకు మన ఊళ్లోనే ఉంది. నాయనమ్మను గీసిన ఆ పిల్లగాడు సరైన దారిలోనే ఉన్నాడు.

అందరూ వైకుంఠాలు కారు, నిజమే. కానీ హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో పెయింటింగ్, శిల్పంతోపాటు అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీ కూడా ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాయాలి, దానికి రోజూ చేయి ఆడాలి. చదువయ్యాక ప్రకటనలు, సినిమా సెట్లు, బట్టల డిజైన్లు, బడిలో డ్రాయింగ్ పాఠాలు... బువ్వకు దారులున్నాయి. మొదటి కొన్నేళ్లు సంపాదన పలచగానే ఉంటుంది. స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీస్తామా?

ఇంకో మాట. వీసా కోసం ఏజెంటు చేతిలో అప్పు తెచ్చి పైసలు పోసినప్పుడు మనలో ఎంతమందిమి గ్యారంటీ అడిగినం? కొడుకు కాగితం, రంగులు అడిగితే మాత్రం గ్యారంటీ కావాలా?

ఈసారి ఫోన్ చేసినప్పుడు మార్కులతోపాటు ‘కొత్తగా ఏం గీసినవ్ బిడ్డా?’ అని కూడా అడుగుదాం. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసిన ఆ తండ్రి మనమే. ఆ చూపును పిల్లగాడు ఇన్నేళ్లూ మరిచిపోలేదు.