ఢిల్లీ షరతు, బెజవాడ ఇంటి పన్ను

పురపాలక సంఘాల ఖజానా సంగతి రాజధాని పాత్రికేయులకు రుచించే విషయం కాదు. పార్లమెంటు లాబీలలో దాని ప్రసక్తి అరుదు. అయినా ఈ వారం పాఠకుల దృష్టిని అటు మళ్ళించదలచుకున్నాను. 2021 తరువాత ఆంధ్ర పట్టణాలలో ఏటేటా పెరిగిన ఇంటి పన్నుకు బీజం ఇక్కడే, కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖలో పడినదని ఆ పన్ను కట్టినవారిలో చాలమందికి తెలియదు.

ముందుగా ఢిల్లీ ముచ్చట. 2012లో షీలా దీక్షిత్ ప్రభుత్వం ఢిల్లీ నగరపాలక సంస్థను మూడు ముక్కలు చేసింది. పరిపాలన ప్రజల ముంగిటికి వస్తుందన్నారు. సంపన్నుల కాలనీలు, పెద్ద బజారులు దక్షిణ సంస్థ వాటాకు పోగా, యమున ఆవలి ఇరుకు వాడలు తూర్పు సంస్థకు మిగిలాయి. ఇక్కడ ఇంటి పన్ను 2004 నుంచి కాలనీ హోదానుబట్టి ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది తరగతులుగా నిర్ణయమవుతున్నది. పేదవాడలో చెత్త తక్కువ ఉండదు, పన్ను మాత్రం తక్కువ. కనుక తూర్పు సంస్థ ప్రాణం ఢిల్లీ ప్రభుత్వం విడుదల చేసే వాటా మీదనే నిలిచింది. ప్రభుత్వం ఆమ్ ఆద్మీ పార్టీది, కార్పొరేషన్లు భారతీయ జనతా పార్టీవి. 2015లో పారిశుద్ధ్య కార్మికులకు జీతాలు అందక సమ్మె కట్టినప్పుడు, రోజూ ఎత్తవలసిన చెత్తనే తెచ్చి నడిరోడ్డున కుమ్మరించారు. 2020 అక్టోబరులో, కరోనా ఇంకా తగ్గని రోజులలో, ఉత్తర సంస్థకు చెందిన హిందూరావు ఆసుపత్రి వైద్యులు జీతాల కోసం సమ్మెకు దిగారు.

దోషం ఎవరిది? రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసు చేసిన వాటా తమకు రావడం లేదని కార్పొరేషన్లు అన్నాయి. కేంద్ర పన్నులలో తమ వాటా 2001–02 నుంచి 325 కోట్ల వద్దనే గడ్డకట్టిందని, కేంద్రపాలిత ప్రాంతమన్న కారణాన ఇతర నగరాలకు ముట్టే ఆర్థిక సంఘం గ్రాంటులు ఢిల్లీకి రావడం లేదని ప్రభుత్వం బదులు చెప్పింది. నా మట్టుకు ఈ రెండు మాటలూ నిజమే. ఒకరి నిజం మరొకరికి సాకుగా ఉపయోగపడింది, అంతే. 2022 మే నెలలో మూడు సంస్థలను తిరిగి ఒకటి చేశారు. దానితో మూడు లోట్లు కలిసి ఒక పెద్ద లోటు అయినవి.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమలులోకి వచ్చినప్పుడు పట్టణాలకు స్వయంపాలన వచ్చిందని సంతోషించినవారిలో నేనూ ఒకడిని. అయిదేళ్ళకొకసారి ఏర్పడే రాష్ట్ర ఆర్థిక సంఘం పట్టణాల ఆర్థిక స్థితిని కూడా సమీక్షించాలని 243–వై అధికరణం శాసించింది. రాష్ట్రాలు వాటిని ఆలస్యంగా నియమించడం, వచ్చిన నివేదికలను అటక ఎక్కించడం ఆనవాయితీగా మారింది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చి ఆక్ట్రాయినీ ప్రకటనల పన్నునూ మింగివేసింది. ఆదాయం కోల్పోయిన రాష్ట్రాలకు అయిదేళ్ళ పరిహారం చట్టంలోనే ఉన్నది. పట్టణాలకు అటువంటి హామీ లేదు. మహారాష్ట్ర మాత్రం తన నగరాల కోసం వేరే చట్టం చేసుకున్నది. దేశంలోని పురపాలక సంస్థల రాబడి మొత్తం జాతీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరనే దశాబ్దకాలంగా కుంటుతున్నదని రిజర్వు బ్యాంకు 2022 నవంబరులో చెప్పింది. బ్రెజిల్‌లో అది 7 శాతం పైమాట.

పై నుంచి వచ్చే సహాయం తగ్గినా, ఆగినా పురపాలకులకు చేతికందే సొంత పన్నులలో ముఖ్యమైనది ఇంటి పన్ను. అందులోనూ కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు 285వ అధికరణం మినహాయింపు ఇచ్చింది. 2009లో సుప్రీంకోర్టులో రాజకోట నగరపాలక సంస్థ వ్యాజ్యం ముగిసిన తీరునుబట్టి, అందే సౌకర్యాల ప్రకారం పన్నులో మూడవ వంతు నుంచి ముప్పాతిక వంతు వరకు సేవా రుసుముగా చెల్లించవలసి ఉన్నది. రైల్వే స్థలాలు విస్తారంగా గల బెజవాడ వంటి ఊరికి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు కథ. 2020లో రాష్ట్రాల ఆదాయం కుప్పకూలింది. కేంద్రం గ్రాంటు ఇవ్వలేదు, అప్పు చేసుకొనే అనుమతి ఇచ్చింది. దానికి షరతులు జోడించింది. రాష్ట్రోత్పత్తిలో 0.25 శాతం మేరకు అదనపు రుణం కావాలంటే, రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించవలె. షరతును ముందుగా నెరవేర్చినవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. 2021 జనవరిలో ఆంధ్రకు దక్కిన అనుమతి 2,525 కోట్లు. ఆ తరువాత పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పట్టణాలకు కేటాయించిన 1,21,055 కోట్ల గ్రాంటులకు సైతం కనీస రేట్ల షరతే తగిలించింది. పైగా పన్ను వసూళ్ళు రాష్ట్రోత్పత్తితో సమంగా పెరగాలన్నది.

ఆంధ్రలో అద్దె విలువ స్థానే మూలధన విలువ వచ్చింది. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. పాత పద్ధతిని నేను సమర్థించబోవడం లేదు. నివాసాల పన్ను 2002 తరువాత సవరణకు నోచుకోలేదు. ఏళ్ళ తరబడి చేయవలసిన పని మానివేసి ఒక్కసారిగా చేస్తే నొప్పి తప్పదు. కాని ఆస్తి విలువ పెరిగినంత మాత్రాన మనిషి ఆదాయం పెరగదు. గవర్నరుపేటలో తాతలనాటి ఇంట కాపురమున్న విశ్రాంత ఉపాధ్యాయుడికి చుట్టుపక్కల స్థలాల ధర పెరగడం వల్ల పెన్షను పెరగదు గదా! పైగా రిజిస్ట్రేషన్ విలువను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. నగరపాలక మండలికి అందులో పాత్ర లేదు.

మండలి అనేది ఉంటేగదా అని పాఠకులు అడగవచ్చు. చట్టం సవరించిన 2020 నవంబరు నాటికి బెజవాడలో పాలకవర్గం గడువు తీరి ఏడాది దాటింది. విశాఖపట్నానికి 2012 నుంచి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. కొత్త పన్ను ఏప్రిల్‌లో మొదలైంది. గెలిచి వచ్చిన కార్పొరేటర్లు తాము చర్చించని పన్నుకు ఇల్లిల్లూ తిరిగి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

పెంపు ఏడాదికి 15 శాతానికి మించదన్నారు. పూర్తి పన్నుకు చేరేవరకు ఆ మెట్టు ఏటా ఎక్కవలసిందే. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి వివరించనక్కరలేదు: వెయ్యి రూపాయల పన్ను అయిదేళ్ళలో రెండు వేలు దాటుతుంది. ఆ 2,525 కోట్ల అప్పు రాష్ట్ర ఖజానాకు చేరవలసినది. అందులో ఇంత భాగం పట్టణాలకు ఇచ్చితీరాలన్న నియమమేదీ నాటి షరతులలో నాకు కనబడలేదు.