వెలుగు పలుకు సాక్ష్యము

భద్రాచలపు టడవులలో పెద్దేగి మ్రాను గలదు. దాని చేవముక్కను గాజుపాత్రలోని నీట నానవైచి యెండలో నుంచినచో నా నీరు నీలిచాయతో మెఱయును. ఒక కాంతిని గ్రహించి వేఱొక రంగు కాంతిని వెలువరించు నీ గుణమునకు ప్రతిదీప్తి యని పేరు. ఈ గుణమే నేడు జన్యువుల పనిని గనిపెట్టు సాధనమైనది.

జన్యువులోని యాజ్ఞ మొదట ఆర్.ఎన్.ఏ. యను నకలుగను, పిదప ప్రోటీనుగను రూపొందును. ఇందులకు సజీవకణ మక్కఱలేదు; కణములను పగులగొట్టి తీసిన రసము చాలును. 1961లో అమెరికాలో నీరెన్‌బర్గు, మథాయి యనువారు బాక్టీరియా రసముతో జన్యులిపిలోని తొలిమాటను జదివిరి. కాని పని నాపిన పిదపగాని వారు రేడియోధార్మిక గుర్తులను లెక్కింప వీలుకాకపోయెను. నేడో, గుర్తు తానే వెలుగుచుండ, పని సాగుచుండగనే నిమిషనిమిషము కొలువవచ్చును.

1962లో షిమొమురా జెల్లీచేపనుండి వేఱుచేసిన హరితదీప్తి ప్రోటీను అట్టి గుర్తు. తత్సంబంధమైన కృషికి ఆయనకును, చాల్ఫీ, సియెన్ గార్లకును 2008లో నోబెలు బహుమానము లభించెను. 2011లో ‘స్పినాచ్’ అను ఆర్.ఎన్.ఏ. గుర్తు ప్రకటితమైనది, రంగుద్రవ్య మొకటి దాని నంటినప్పుడు వెలుగును. ఇది నకలు తయారగుటను, మొదటిది ప్రోటీను తయారగుటను దెలుపును.

2014లో ఈ రసమును కాగితముపై నారబెట్టి, ఏడాది పాటు మంచుపెట్టె లేకయే నిలువచేసి, నీరు చేర్చి మరల పనిచేయించిరి. వానకాలమున వాగులు పొంగి దారులు తెగు మన యేజెన్సీ పల్లెలకు ఇంతకంటె తగిన సాధన మేది? జ్వరపీడితుని నెత్తురు పట్టణమునకు బోవుటకంటె పరీక్షయే పల్లెకు వచ్చుట మేలు. ఇట్టి కాగితములను నగరపు శాలలలోనే గాక, ఇచ్చటి తేమలోను వేడిలోను పరీక్షింపవలెనని మా దృఢాభిప్రాయము.

అయినను వెలుగును గ్రుడ్డిగా నమ్మరాదు. హరిత ప్రోటీను తయారైన పిదపను వెలుగుటకు కొంత సమయము పట్టును. కావున చీకటి యెల్ల శూన్యము గాదు. పెద్దేగి నీరు జన్యువుల ప్రమేయము లేకయే మెఱయును. కావున మెఱపెల్ల ఋజువు గాదు. జన్యువు చేర్పని పాత్ర యొకటి, తప్పక వెలుగు పాత్ర యొకటి ప్రక్క నుంచి పోల్చినగాని తీర్పు చెప్పరాదు. రోగి యొక్క ఔషధమా తీర్పుపై నాధారపడి యుండును. విద్యార్థులారా, మెఱపును జూచి మురియుటకు ముందు అది దేనికి సాక్ష్యమో విచారింపుడు.