స్పెక్ షీట్‌లో ఓడిన కారుకే నా ఓటు

గ్యాడ్జెట్ల సైట్‌లో కారు గోల ఏంటి అనుకోకండి. మూడు నెలలుగా నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ట్యాబ్‌లన్నీ కార్లవే. మొదటి కారు, ఏడేళ్ల లోన్. ఫోన్ నచ్చకపోతే రెండేళ్లకి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తాం, దీన్ని అలా వదిలించుకోలేం. ఇంట్లో వాళ్లేమో ఎస్‌యూవీ తీసుకోమంటున్నారు. నాకేమో సెడాన్ పిచ్చి, అందులోనూ కాస్త పరుగెత్తే సెడాన్.

లిస్ట్‌లో చివరికి మూడు మిగిలాయి: హ్యుందాయ్ వెర్నా టర్బో, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, హోండా సిటీ. (స్కోడా స్లావియా ఇష్టమైతే వర్టస్ గురించి చెప్పేవన్నీ దానికీ దాదాపు వర్తిస్తాయి. ప్లాట్‌ఫామ్, ఇంజిన్లు ఒకటే.)

ఫోన్లు పోల్చినట్టు పోలిస్తే వెర్నా గెలిచేసినట్టే. 1.5 లీటర్ టర్బోకి 160 పీఎస్, 253 ఎన్ఎం. వర్టస్ 1.5 టీఎస్ఐకి 150 పీఎస్, 250 ఎన్ఎం. బూట్ కూడా వెర్నాదే కాస్త ఎక్కువ, 528 లీటర్లు, వర్టస్‌ది 521. స్క్రీన్ పెద్దది, అడాస్ ఉంది. సిటీ పెట్రోల్ 121 పీఎస్, టర్బో లేదు. నేనూ మొదట్లో ఇలాగే ఎక్సెల్ షీట్ వేసి మార్కులు ఇచ్చుకున్నా.

తర్వాత ఫ్రెండ్ వర్టస్ ఒక వారం, కొలీగ్ వెర్నా ఇంకో వారం అడిగి తీసుకుని హైదరాబాద్ నుంచి మా ఊరు కోదాడ వెళ్లొచ్చా. ఆ షీట్ అక్కడే పక్కన పెట్టేశా. ఎన్‌హెచ్ 65 మీద తిరిగేవాళ్లకి తెలుసు, కుడి లేన్‌లో లారీ తాపీగా పోతుంటుంది, అది పక్కకి జరగ్గానే 60 నుంచి 100కి చకచకా వెళ్లిపోవాలి. ఈ పనిలో రెండు కార్లకీ తేడా నాకు తెలియలేదు. ఆ 10 పీఎస్ కాగితం మీదే కనిపిస్తుంది. తేడా తెలిసింది స్టీరింగ్‌లో. వేగం పెరిగేకొద్దీ వర్టస్ రోడ్డుని గట్టిగా పట్టుకున్నట్టు ఉంటుంది. వెర్నా మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, సిటీలో అది హాయి. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా పోతే మాత్రం వర్టస్ ప్రతి గుంటనీ మీకు చెప్తుంది. ఇంకోటి, నిలకడగా పోతున్నప్పుడు వర్టస్ నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపేసుకుంటుంది. మీటర్‌లో చూపిస్తే తప్ప మనకి తెలీదు. ఇంజనీర్ బుద్ధి కదా, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా. (డ్రైవింగ్ అప్పుడు ఫ్రెండ్‌ది.)

నా మనసు మార్చింది మాత్రం క్రాష్ టెస్ట్ రిపోర్ట్. 2023లో రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు తెచ్చుకున్నాయి. యాడ్స్‌లో కనిపించేది ఆ స్టార్లే. రిపోర్ట్ తెరిచి చదివితే వర్టస్ బాడీషెల్ స్థిరంగా ఉందని, ఇంకా బరువు తట్టుకోగలదని ఉంటుంది. వెర్నా బాడీషెల్ అస్థిరం అని ఉంటుంది. ఫోన్ బెంచ్‌మార్క్ స్కోర్లని నమ్మొద్దని ఇక్కడ అందరం చెప్తుంటాం, కార్ల దగ్గరికొచ్చేసరికి స్టార్లు లెక్కపెట్టి ఊరుకుంటాం.

వర్టస్‌కి ఊరికే మార్కులు వేయట్లేదు. ఇంత డబ్బు పోసినా వెనక చక్రాలకి డ్రమ్ బ్రేకులే, వెర్నా టాప్ టర్బో డీసీటీలో వెనక కూడా డిస్కులు. అడాస్ వర్టస్‌లో అసలు లేదు. మన దగ్గర బైకులు అడ్డం వస్తుంటే అడాస్ ఎందుకు అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. రాత్రి పూట హైవే మీద నిద్ర కళ్లతో నడిపేవాళ్లకి ఆటో బ్రేకింగ్ ప్రాణం కాపాడొచ్చు. వారం వారం రాత్రిళ్లే ప్రయాణమైతే వెర్నా తీసుకోండి, నేను వాదించను.

ఏసీ కంట్రోల్స్ విషయంలో రెండింటి మీదా కోపమే. వర్టస్‌లో ఏసీకి టచ్ ప్యానెల్. వెర్నాలో ఒకే ప్యానెల్ కాసేపు ఏసీకి, కాసేపు పాటలకి మారుతుంటుంది. ఫ్యాన్ తగ్గించడానికి రోడ్డు మీంచి కళ్లు తిప్పాలి. సిటీలో హాయిగా తిప్పే నాబ్‌లు ఉన్నాయి. స్పోర్టీ కారు అక్కర్లేదు, మైలేజ్ ముఖ్యం అనుకుంటే సిటీ హైబ్రిడ్ మంచి కారు. నాకు కావాల్సిన కారు అది కాదు, అంతే.

గేర్‌బాక్స్ దగ్గర రెండు వారాలు ఊగిసలాడా. వర్టస్ డీఎస్జీ హైవే మీద అద్భుతం. కానీ అది డ్రై క్లచ్, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటసేపు పాకితే వేడెక్కుతుందేమో అని నా భయం. వారంటీ అయ్యాక రిపేర్ బిల్లు కూడా నేనే కట్టాలి. మాన్యువల్ తీసుకుంటే డబ్బులూ మిగులుతాయి, ఎడమ కాలు నొప్పి ఎలాగోలా భరిస్తా.

అసలు పేచీ అమ్మ మోకాళ్లతో. సెడాన్‌లోకి కూర్చోవడం సులువే, దిగడమే కష్టం. వర్టస్ గ్రౌండ్ క్లియరెన్స్ 179 ఎంఎం అని నేను గొప్పగా చెప్తే, "అది కిందకి కదా, సీటు ఎత్తెంత?" అంది. కోదాడలో ఇంటి ముందు రెండు కార్లూ ఎక్కించి దింపా. రెండింట్లోనూ డోర్ పట్టుకునే లేచింది. ఎస్‌యూవీ అయితే ఆ ఇబ్బంది ఉండదని నాకూ తెలుసు. నెలకి ఒకసారి ఎక్కుతాను, రోజూ నడిపేది నువ్వే కదా అని చివరికి తనే సర్దుకుంది. వర్టస్ జీటీ మాన్యువల్‌కి పోయిన శనివారం టోకెన్ కట్టా. ముందు సీటు అమ్మదే అని ఒప్పుకున్నాకే.